వేంగి రాజుగారి మేనరికం

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా స్కూలు వాళ్ళు నన్ను పిలిపించి టీసీ తీసుకెళ్ళిపొమ్మన్నారు. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

పిల్లకి అక్షరాలు కంటికి నిలిచేవి కావు. చదవమంటే చెమటలు పట్టేసేవి. చెవిన పడ్డది మాత్రం మర్చిపోయేది కాదు. ఆ క్లాసులో ఇంకో ఇద్దరున్నారు. ఒక పిల్లకి సరిగ్గా వినపడదు, ఒక పిల్లాడు పావుగంట కుదురుగా కూర్చోలేడు. ముగ్గుర్నీ వెనక బల్ల మీద పడేశారు. వినపడని పిల్లని తీసుకెళ్ళి వెనక కూర్చోబెట్టడమేవిటండీ! అది ఏ చదువులో నేర్పారో వాళ్ళకి.

నాది రెండో తరగతితో ఆగిపోయిన చదువు. పుట్టింది కొల్లేటి లంకలో, మెట్టింది తాడేపల్లిగూడెంలో. పుస్తకం చదవలేను గానీ, ఎవరింటి పిల్లని ఎవరికిచ్చారో అడగండి, మూడు తరాలు చెప్పేస్తాను. సాయంత్రాలు మా ఆయన పిల్లకి సోషల్ పుస్తకం పైకి చదివి వినిపిస్తుంటే పొయ్యి దగ్గర కూర్చుని వినేదాన్ని. వేంగి రాజులూ చోళ రాజులూ పాఠం వచ్చేసరికి నవ్వొచ్చేసింది.

"ఏవండీ, ఇది మన ఇళ్ళల్లో మేనరికమే కదండీ!" అన్నాను.

"రాజులైతే మాత్రం వాళ్ళకి మేనమామలుండరా ఏంటి?" అన్నారాయన.

మర్నాటి నుంచి ముగ్గురు పిల్లల్నీ మా అరుగు మీద చేర్చాను. పెళ్ళి కబుర్లు చెప్పినట్టే చెప్పాను. కుదురులేని వాణ్ణి చోళ రాజుని చేసి, వీధి చివర్నుంచి పిల్లనిచ్చే మామలా నడిచి రమ్మనేదాన్ని. వినపడని పిల్ల నా పెదాల వంక చూస్తూ చింతగింజలతో రెండిళ్ళు పేర్చేది. కోడలు రాగానే ఒక గింజ ఆ ఇంట్లోంచి ఈ ఇంట్లోకి జరిపేది. ఒక్కసారి తప్పు జరిపితే ఒట్టు.

ఇదిగో, అప్పుడే ఆ పిలుపు. పెద్ద మేష్టారు కుర్చీలోంచి లేవకుండానే అన్నారు. "ఏడోది కామన్ పరీక్షమ్మా. ఈ ముగ్గురూ తప్పితే మా స్కూలు రిజల్టు పోతుంది. కుట్టుపనేదైనా నేర్పించుకోండి."

"ఒక్కసారి నోటితో అడిగి చూడండి బాబూ," అన్నాను.

పక్కనున్న సోషల్ మేష్టారు విసుక్కుంటూనే మా అమ్మాయిని ఆ రాజుల పాఠం అడిగారు. పిల్ల నా కొంగు పట్టుకునే చెప్పింది. "వేంగి రాజుగారి అమ్మగారు చోళులింటి ఆడపడుచండి. అందుకని ఆయన మేనమామ కూతుర్నే చేసుకున్నారండి. వాళ్ళబ్బాయి అమ్మగారి పుట్టింటికెళ్ళి, అక్కడి సింహాసనమే ఎక్కేశాడండి."

మేష్టారు పకపకా నవ్వారు. "ఇది చరిత్రా, పెళ్ళిచూపుల కబుర్లా? గైడులో ఉన్నట్టు చెప్పు!"

"తప్పు చెప్పిందాండీ?" అన్నాను.

"తప్పని కాదమ్మా... అలా రాస్తే మార్కులెయ్యరు."

"రాయలేకే కదండీ చెబుతోంది! తప్పు కానప్పుడు నవ్వెందుకండీ? టీసీ నేను తీసుకోను. కావాలంటే మీరే పేరు కొట్టెయ్యండి," అని పిల్లని క్లాసులో దింపి వచ్చేశాను. నా గొంతు రోడ్డు మీదకి వినపడిందంట. వినపడనీ.

మిగతా ఇద్దరి ఇళ్ళవాళ్ళూ భయపడి టీసీలు తీసేసుకున్నారు. ఆగండని బతిమాలాను. "మీ ఆయన వెనకుంటారు, మాకెవరున్నారు వదినా?" అంది వినపడని పిల్ల తల్లి.

నేను ప్యాసింజరు బండెక్కి ఏలూరులో చదువుల ఆఫీసు చుట్టూ తిరిగాను. డాక్టరు సర్టిఫికెట్టుంటే పరీక్ష చిన్న క్లాసు పిల్ల చేత రాయించుకోవచ్చంట. ఆ మాట స్కూల్లో ఒక్కళ్ళు చెబితేనా! మా అమ్మాయి చెప్పింది, ఆరో తరగతి పిల్ల రాసింది. ప్యాసయింది.

ఫలితాలొచ్చాక స్కూలు గేటుకి ఇంత పొడుగు బ్యానరు కట్టారు, ఏడో తరగతిలో నూటికి నూరు శాతమని. సోషల్ మేష్టారు ఎదురొచ్చి, "మీ అమ్మాయి మా పరువు నిలబెట్టిందమ్మా, స్వీట్లేవీ?" అన్నారు.

"ముందు ఆ ఇద్దర్నీ వెనక్కి పిలవండి. ముగ్గురికీ కలిపి తెస్తాను," అన్నాను.

ఆయన తల దించుకుని సైకిలెక్కేశారు. వినపడని పిల్ల అప్పటికే కొల్లేటి వైపు రొయ్యల షెడ్డులో పనికి చేరిపోయింది. దాని చింతగింజలు మా అరుగు మీద డబ్బాలోనే ఉండిపోయాయి.