గుట్ట దిక్కు లాగిన బండ

కొన్నాళ్ళుగా మా పక్కింటివాళ్ళు వీధి అరుగు కట్టించుకుంటున్నారు. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటే ఉలి చప్పుడుతో పాటు అప్పుడే పగిలిన రాయి వాసన కూడా లోపలికి వస్తుంది. రాయికి వాసన ఏమిటని మా మనవరాలు నవ్వింది. పెరట్లోకి తీసుకుపోయి రెండు పలుగురాళ్ళు రాపాడించి ముక్కు దగ్గర పెడితే, "అవును నానమ్మా, ఏదో కాలినట్టుంది" అని ఒప్పుకుంది. ఆ వాసన తగిలితే నాకు సంతోషమ్మ గారు గుర్తొస్తారు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బాట పక్కన ఒక పల్లెలో బడి నడిపిన టీచరమ్మ ఆమె. నాకు పాఠం చెప్పడం నేర్పింది ఆమే.

పందొమ్మిదివందల యాభైలలో, ట్రైనింగు ముగించుకుని ఆ బడిలో చేరడానికి పోయాను. ఆదోనిలో బస్సెక్కి, ఒళ్ళంతా దుమ్ముతో దిగాను. కొత్తచోటికి ఉత్త చేతులతో ఎందుకని మామిడిపళ్ళు కొనుక్కుని పోయాను. సంతోషమ్మ గారు కళ్ళద్దాలు సర్దుకుని సంచిలోకి తొంగి చూశారు.

"యాడివి ఇవి?"

"ఆదోని బజారులో కొన్నానండీ."

"బజార్లో సెట్లుంటాయా తల్లీ? యాడ కాసినాయని అడుగుతాండా."

నాకు ఒళ్ళు మండింది. పళ్ళు తెచ్చినందుకు ఒక మంచి మాట లేకపోగా ఈ ఆరా ఏమిటనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆమె చదువు చెప్పే పద్ధతే అదని. రోజుకొక పిల్లో పిల్లవాడో ఏదో ఒక వస్తువు తెచ్చి, అది ఎక్కడ పుట్టి ఎలా తమ ఇంటికి చేరిందో చెప్పాలి. రొట్టెముక్క తెచ్చినవాడు జొన్నచేను దాకా పోవాలి. తువ్వాలు తెచ్చిన పిల్ల పత్తిచేలో మొదలుపెట్టి, ఆదోని జిన్నింగు మిల్లు మీదుగా ఎమ్మిగనూరు మగ్గం దాకా నడవాలి. చెప్పలేకపోతే దెబ్బలేమీ ఉండవు. అడిగి తెలుసుకుని మర్నాడు రావాలి, అంతే. ఆ పిల్లలు గోడమీది భూపటాన్ని చూసేనాటికే సగం తాలూకా తిరిగినవాళ్ళలా మాట్లాడేవారు.

ఊరికి పడమర కౌజుల గుట్ట ఉండేది. చూసేవాళ్ళకు అది ఎండకు మాడిన బండల కుప్ప. వానలు అంతంతమాత్రమే అయిన ఆ నేలమీద, పంట పోయిన ఏడు కూలిజనాన్ని ఆదుకున్నది ఆ గుట్టే. సీతాఫలాలు, రేగుపళ్ళు, బలుసాకు అక్కడే దొరికేవి. బండల నడుమ దొనలో ఎండాకాలం కూడా కాసిని నీళ్ళుండేవి. మేకలూ కుందేళ్ళూ, గుట్టకు పేరు తెచ్చిన కౌజుపిట్టలూ అక్కడే తాగేవి. కర్నూలు రాజధాని అయిన కొత్తలో కట్టడాలు పెరిగి రాయికి గిరాకీ వచ్చింది. గుట్టను రాయి కొట్టుకోవడానికి వేలం వేస్తారని, ఒక కంట్రాక్టరు అప్పుడే వచ్చి చూసుకుపోయాడని తెలిసింది. రాయి కొడితే ముందు పోయేది దొన. అది పోతే తక్కినవన్నీ దాని వెంటే పోతాయి.

మనమే వేలంపాట పాడి, గుట్టను ఉన్నదున్నట్టు వదిలేద్దామన్నారు సంతోషమ్మ గారు. దానికి సొమ్ము కావాలి. జాతర చేద్దామని ఊళ్ళో పెద్దరైతు వీరభద్రప్ప ఇంటికి నన్ను వెంటబెట్టుకుని పోయారు. ఆయన ఎద్దుల జతకు ఆ చుట్టుపక్కల మంచి పేరు.

"జాతరంటే ఏ దేవునికమ్మా? మీరేమో సర్చికి పోతారు."

"దేవునికి కాదప్పా. గుట్టకే."

ఆయన మీసం కింద నవ్వుకుని, బండలాగుడు పోటీ పెడితే తప్ప జనం రారని తేల్చేశాడు. పోటీలో దిగే ప్రతి జతకూ రుసుము పెట్టారు. ఎమ్మిగనూరు నేతగాళ్ళు గెలిచినవాళ్ళకు పంచెల చాపు ఇస్తామన్నారు. కొత్త జాతరకు కొత్త బండ ఉండాలన్నది ఆ వైపు ఆచారం. ఆ పని రాయికొట్టే తిమ్మప్పకు సంతోషమ్మ గారే స్వయంగా అప్పగించారు.

జాతర రోజు పొద్దుటికే బడి ముందు మైదానం నిండిపోయింది. ఒకవైపు ఉగ్గాని, మిరపకాయ బజ్జీల వాసన, ఇంకోవైపు బొరుగుల అంగళ్ళు. సి.బెళగల్ నుంచి, గూడూరు నుంచి కూడా ఎద్దులు వచ్చాయి. చీట్లు తీస్తే వీరభద్రప్ప జతకు ఆఖరి వంతు పడింది. పసుపూ కుంకుమా పెట్టిన బండను బండి మీద నుంచి దింపారు. టెంకాయ కొట్టబోతుంటే సంతోషమ్మ గారు దగ్గరికి వెళ్ళి, కొత్తగా పగిలిన అంచును చేత్తో తడిమి చూశారు. ఎర్రచార ఉన్న రాయి. ఆ చార మా అందరికీ తెలిసిందే.

"తిమ్మప్పా, ఈ బండ యాడిది?"

"ఇంకేడిదమ్మా, మన గుట్టదే. కొత్తది కావాలంటిరి. సుట్టుపక్కల ఇంకే గుట్ట ఉండాది?"

గుట్టను కాపాడే జాతరకు గుట్టనే పగలగొట్టి తెచ్చాం! జనంలో ఒకరిద్దరు తిమ్మప్ప మీదికి లేచారు. సంతోషమ్మ గారు బండ పక్కనే నిలబడి అందరికీ వినపడేలా అన్నారు.

"తిమ్మప్పను అనొద్దండి. కొత్త బండ తెమ్మనింది నేను. యాడ్నుంచి తెస్తావని అడగంది నేను. పిల్లోళ్ళకు దినామూ సెప్పే మాట నేనే మరిసిపోయినా."

వీరభద్రప్ప ముందుకొచ్చాడు. "ఎద్దులొచ్చినాయి, జనం వచ్చినారు. ఇప్పుడు పోటీ లేదంటే యాలం పాటకు సొమ్ము యాడ్నుంచి తెస్తారమ్మా?"

"పోటీ ఉంటాదప్పా. బండను గుట్ట దిక్కు లాగుదాం. ఒక జత యాడ ఆపితే ఇంకో జత ఆడ్నుంచి లాగల్ల. యా జత ఎంత లాగితే అంత వాళ్ళది."

ఆయన గుట్టవైపు చూశాడు. మైదానం దాటితే నేల ఎగువ. "ఆఖరున లాగేది నా ఎద్దులు. ఎగువంతా నాకే పడతాది."

"పడతాది. అందుకే వాళ్ళను కాదు, నిన్ను అడుగుతాండా."

ఆయన తన ఎద్దుల గంగడోలు నిమిరి, "లాగుతాయిలే" అన్నాడు.

వాచీ సంతోషమ్మ గారిది, బడిగంట నాది. గంట కొడితే మొదలు, మళ్ళీ కొడితే ఆపాలి. బండతో పాటు జనమంతా నడిచారు. అంగళ్ళవాళ్ళు కూడా గంపలు నెత్తిన పెట్టుకుని వెంట వచ్చారు. వీరభద్రప్ప ఎద్దులు ఎగువలో మోకాళ్ళ మీదికి వంగి లాగాయి. గుట్ట మొదటికి కాస్త ఇవతలే గడువు తీరి నేను గంట కొట్టాల్సి వచ్చింది. కొట్టాను. ఏడుపు కూడా వచ్చింది. పంచెల చాపు సి.బెళగల్ జతకు పోయింది.

ఆ తర్వాత నూర్పిళ్ళ దాకా వీరభద్రప్ప ఆమెతో మాట్లాడలేదు. వేలం రోజున మాత్రం ఆమెను ఆదోనికి బండి కట్టి తీసుకుపోయినవాడు ఆయనే. దారి పొడుగునా నోరు విప్పలేదట. గుట్ట ఆ ఏడు మాకే దక్కింది. బండను ఆగినచోటే వదిలేశాం. దాని మీద సొమ్మిచ్చినవాళ్ళ పేర్లు చెక్కిద్దామని ఎవరో అంటే సంతోషమ్మ గారు, "మళ్ళీ దాని మీదికి ఉలా?" అని ఒక్క కసురు కసిరారు. మరుసటేడు జాతరకు పక్క ఊరినుంచి అరిగిపోయిన పాత బండను అడిగి తెచ్చుకున్నాం. ఆ పాత బండ ఎక్కడిదని కూడా ఆమె అడిగారు.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నేను ఎన్నో బళ్ళు మారాను, రిటైరయ్యాను. ఎక్కడికి పోయినా ఆ ప్రశ్నను వెంట తీసుకుపోయాను. దానివల్ల కూరగాయల అంగడివాళ్ళతో, చీరల అంగడివాళ్ళతో, ఆఖరికి వియ్యాలవారితో కూడా మాటపడ్డాను. అయినా అది నన్ను వదల్లేదు.

నిన్న సాయంత్రం అరుగు పూర్తయింది. వచ్చి కూర్చోమని పక్కింటావిడ పిలిచింది. వెళ్ళి, కూర్చోకుండా మేస్త్రీని అడిగాను, ఈ రాయి యాడిదప్పా అని. అతను తల గోక్కున్నాడు. లారీవాడిని అడిగి రేపు చెప్తానన్నాడు. పక్కింటావిడ నవ్వి చీరకొంగుతో అరుగు తుడిచింది. రేపు కూర్చుంటానని చెప్పి ఇంటికి వచ్చేశాను.