దావూద్ చుక్కలు

ఓర్వకల్లు దగ్గర హైవే పక్కన లారీలు బాగుచేసే దావూద్, డ్రైవర్ చెప్పింది ఒక్క ముక్క కూడా నమ్మడు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని దాన్నే అడుగుతాడు. కొత్త బెల్టు కొన్నా వాసన చూసి గానీ తీసుకోడు. తాను బిగించిన పుల్లీని, అంటే బెల్టు తిరిగే చక్రాన్ని, ఎవరైనా మార్చేస్తే తెలిసేలా దాని మీద మూడు చుక్కలు కొడతాడు.

ఆరోజు కమలాపురం ఓబులేసు ఉల్లిగడ్డల లోడుతో వచ్చి, బెల్టులు ఊరికూరికే తెగిపోతున్నాయని గోడు వెళ్లబోసుకున్నాడు. ఇంజను ఆపించి దావూద్ పుల్లీ గాడిలోకి చూశాడు. గాడి పక్కలను పట్టుకోవాల్సిన బెల్టు అడుగుకు దిగిపోయి రాసుకోవడంతో, ఆ అడుగు అద్దంలా మెరుస్తోంది. పుల్లీ అరిగిపోయింది.

"ఇది నేనేసింది కాదు. యాడనో మార్పించినావు," అన్నాడు దావూద్.

"నీ చెయ్యి తప్ప ఇంగో చెయ్యి పడలేదు భాయ్. సరుకు కుళ్లిపోతాది, బిరీన కానీ."

"అయితే నా చుక్కలు చూపీప్పా!"

ఓబులేసు డీజిల్ గుడ్డతో జిడ్డు తుడిచాడు. మూడు చుక్కలూ బయటపడ్డాయి. దావూద్ వాటిని గోటితో గీకి చూశాడు. తర్వాత ఓబులేసు మొహంలోకి చూశాడు.

"నా చుక్కలు గూడా దొంగవి కొడ్తాండారే," అని గొణిగి, కొత్త పుల్లీ తెచ్చి బిగించాడు. దాని మీద నాలుగు చుక్కలు కొట్టాడు.