కరెంటు హద్దు పెంచినవాడు

ఆ మనిషి పదిమందిలో తల దించుకుంటే చూడాలని నాకు చాలా ఏళ్లు కోరిక. చర్చిలో మోకరిల్లి కళ్లు మూసుకున్నప్పుడు కూడా దేవుణ్ని అదే అడిగేదాన్ని. అలాంటివి అడగకూడదని తెలుసు. అయినా అడిగేదాన్ని.

నాకు పని నేర్పింది అతనే. కర్నూలులో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే అంగడి అతనిది. నేను డిప్లొమా ముగించి, వేంపల్లె దగ్గరి మా పల్లె నుంచి పోయి అక్కడ చేరాను. మైక్రోస్కోపు కింద బోర్డు పెట్టి మీటరు మొనతో వోల్టేజి చూడటం, పాడైన చిప్పును వేడిగాలితో లేపి కొత్తది అతికించడం అతని పక్కన కూర్చునే నేర్చుకున్నాను. ఆ మాట కాదనను. కోపం ఇంత ముదరడానికి అదీ ఒక కారణం.

ఆ పనిలో నన్ను బాగా ఆకట్టుకుంది కరెంటును అదుపు చేసే చిప్పు. బటన్ నొక్కగానే ల్యాప్‌టాప్ అంతా ఒక్కసారిగా లేవదు. ఛార్జరు నుంచి వచ్చే కరెంటును ఇలాంటి చిప్పులు రకరకాల వోల్టేజిలుగా మార్చి, ఒకదాని తర్వాత ఒకటి వదులుతాయి. మెమరీకి ముందు, ప్రాసెసరుకు తర్వాత. ఒక వోల్టేజి సరిగ్గా నిలబడిందని కబురు అందితేనే తర్వాతిది మొదలవుతుంది. ఎక్కడైనా లోపముండి కరెంటు హద్దు మీరి పారితే, చిప్పు ఆ దారిని మూసేస్తుంది. ఛార్జరు పీకి మళ్లీ పెట్టేదాకా తెరవదు. ఆ హద్దు ఎంతో చిప్పుకు చెప్పేది దాని పక్కనుండే ఒక రెసిస్టరు. ఆవగింజంత కూడా ఉండదు.

మా పల్లె చర్చి పాస్టరుగారి భార్యను మేమందరం పాస్టరమ్మ అనేవాళ్లం. ఆమె ల్యాప్‌టాప్ చెడిపోతే నేనే అంగడికి తెప్పించాను. బటన్ నొక్కితే లైటు వెలిగి వెంటనే ఆరిపోయేది. మెమరీకి పోయే దారిలో కరెంటును నిలకడగా ఉంచే చిన్న చిన్న కెపాసిటర్లలో ఒకటి లోపల చెడి కరెంటును కార్చేస్తోందని నాకు అర్థమైంది. అది ఏదో తెలియాలంటే ఒక్కొక్కటీ లేపి చూడాలి.

"అంతసేపు యాడ కూర్చుంటావు పాపా? ఆ రెసిస్టరు మార్చెయ్. హద్దు పెరిగితే చిప్పు గమ్మునుంటాది," అన్నాడు మా యజమాని.

"అట్ల చేస్తే లోపలి తప్పు లోపల్నే ఉంటాది కదన్నా."

"మిషను ఆన్ అవుతాది. వాళ్లకు కావల్సింది అదే."

నేను చెయ్యనన్నాను. బోర్డు నా ముందు నుంచి లాక్కుని అతనే మార్చాడు. ల్యాప్‌టాప్ లేచింది. పాస్టరమ్మ సంతోషంగా తీసుకుపోయింది.

కొన్ని వారాలు నడిచింది. ఒకరోజు ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకొని, సండే స్కూలు పిల్లలకు పాటలు టైపు చేస్తుంటే లోపలినుంచి పొగ వచ్చింది. కంగారులో అడుగున చెయ్యి పెట్టి ఎత్తింది. కరిగిన ప్లాస్టిక్ అరచేతికి అంటుకుంది.

కాలిన ల్యాప్‌టాప్ పట్టుకొని పాస్టరుగారు కర్నూలు వచ్చారు. అంగడి నిండా జనం. మా యజమాని ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. వేలెత్తి నన్ను చూపించాడు.

"ఇదో, ఈ పాప చేసిండేది. తన ఊరోళ్లదని నన్ను చెయ్యి గూడా పెట్టనీలేదప్పా."

నేను కాదని అరిచాను. రెసిస్టరు ఉన్న చోటు బొగ్గయిపోయింది, చూపించడానికి ఏమీ మిగల్లేదు. పాస్టరుగారు నా ముఖం చూడకుండానే వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే నన్ను పనిలోంచి తీసేశాడు. వీధిలోని మిగతా అంగళ్లవాళ్లకు కూడా చెప్పి పెట్టాడు. ఎవరూ నన్ను చేర్చుకోలేదు.

నన్ను అన్నవి నేను పడ్డాను. మా అమ్మ పడినవి మాత్రం మరిచిపోలేను. అమ్మ అరటి తోటల్లో కూలికి పోయేది. రోజూ కలిసి నడిచే ఆడవాళ్లు ఆమెను వదిలి ముందు నడవడం మొదలుపెట్టారు. చర్చిలో ఆమె కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు. అమ్మ నన్ను ఒక్క మాట అడగలేదు. "నువ్వు అట్ల చేసుండవు, నాకు తెలుసులే," అంది, అంతే.

నేను కడపకు వచ్చి, ఒక జిరాక్సు అంగట్లో సగం అద్దెకు తీసుకున్నాను. ఆన్ అయి ఆరిపోయే మిషన్లు బాగుచేయడంలో పేరు తెచ్చుకున్నాను. మంగంపేట గనుల ఆఫీసుల నుంచీ, మహానంది లాడ్జీల నుంచీ వచ్చేవి. వాటిలో అప్పుడప్పుడు అతని చేతి పని కనిపించేది. అదే తప్పుడు రెసిస్టరు, చుట్టూ అదే ముద్ద సోల్డరు. చూసినప్పుడల్లా పళ్లు కొరుక్కునేదాన్ని. ఎవరి పనో మిషను సొంతదారుకు చెప్పేదాన్ని. కొందరు నమ్మేవారు, కొందరు ఈర్ష్య అనుకునేవారు.

పోయిన ఏడు, రెండు జిల్లాల రిపేరువాళ్లు కలిసి కడపలో ఒక ఫంక్షన్ హాలు తీసుకొని క్లాసు పెట్టారు. పాఠం చెప్పేది అతనే అని తెలియగానే నేను సిద్ధం కావడం మొదలుపెట్టాను. స్క్రాపు బోర్డులు తిరగేసి, మెమరీ దారిలో కెపాసిటరు చెడినదాన్ని వెతికి పట్టుకున్నాను. పాస్టరమ్మ ల్యాప్‌టాప్‌కు వచ్చిన జబ్బే. దాన్ని సంచిలో పెట్టుకొని, ముందు వరసలో కూర్చున్నాను.

"ఆన్ అయి ఆరిపోయే బోర్డు ఎవరి దగ్గరన్నా ఉండాదా?" అని అడిగాడు.

నేను లేచి ఇచ్చాను. గుర్తుపట్టాడు. నవ్వి, "మా అంగట్ల నేర్చుకున్న పాపే," అన్నాడు అందరితో. ఆ నవ్వు చూశాక, నాలో ఏ మూలైనా జాలి ఉండి ఉంటే అదీ పోయింది.

అనుకున్నట్టే రెసిస్టరు మార్చాడు. ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. హాలంతా చప్పట్లు. అతను ఛార్జరు తీయబోతుంటే నేను బల్ల దగ్గరికి పోయాను.

"పీకొద్దన్నా. కొంచెంసేపు ఉండనీ."

వేడిని చూపించే నా కెమెరాను బోర్డు మీదికి తిప్పి, గోడ మీద బొమ్మ పడేలా హాల్లోని ప్రొజెక్టరుకు కలిపాను. నీలంగా ఉన్న బోర్డులో ఒకచోట తెల్లటి చుక్క. చూస్తుండగానే చుట్టూ పాకింది. చప్పట్లు ఆగిపోయాయి.

"కాలిన వాసన వస్తాండాది," అన్నారెవరో.

అతను వైరు వైపు చెయ్యి చాచాడు. నేను ప్లగ్గు మీద చెయ్యి పెట్టాను.

"ఏంటికన్నా తొందర? మిషను ఆన్ అయింది కదా. వాళ్లకు కావల్సింది అదే కదా."

సన్నగా పొగ లేచింది. అప్పుడు పీకాను.

"పాస్టరమ్మ చెయ్యి కాల్చింది ఎవరన్నా?"

"అదంతా ఇప్పుడేంటికి పాపా..."

"ఇప్పుడే. ఈడనే."

గోడ మీద ఆ తెల్లటి మచ్చ ఇంకా అలాగే ఉంది. అతను దాన్నీ, జనాన్నీ చూశాడు. "నేనే మార్చినా," అన్నాడు నేలను చూస్తూ.

"గట్టిగా చెప్పు. వెనకోళ్లకు ఇనపడల్ల."

గట్టిగా చెప్పాడు. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అంతటితో వదల్లేదు. మా పల్లెకు వచ్చి చెప్పాలన్నాను. అంతమంది ముందు కాదనలేకపోయాడు.

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక వచ్చాడు. పాస్టరమ్మ ముందు చేతులు కట్టుకొని నిలబడి, తప్పు తనదేనన్నాడు. ఆమె పూర్తిగా విననైనా వినలేదు.

"పోనీలేప్పా, దేవుడు క్షమించినాడు. ఎండన పడి వచ్చినావు, అన్నం తిని పో."

చాప పరిచారు. సంగటి, కోడికూర పెట్టారు. మా అమ్మను ఏళ్లపాటు వెలివేసినట్టు చూసినవాళ్లే అతనికి కూర మారు వడ్డించారు. మా అమ్మ ఒక పక్కన నిలబడి చూస్తూ ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈయప్పను క్షమించినారు సరే. మా అమ్మకు తప్పయిందని ఎవురు చెప్తారు?" అని అందరి ముందూ అడిగాను.

 పాస్టరమ్మ లేచి వచ్చి, మచ్చలు పడ్డ అరచేత్తో అమ్మ చెయ్యి పట్టుకొని ఏడ్చింది. అమ్మ చెయ్యి లాక్కోలేదు.

"నాకొద్దు తల్లీ. నా బిడ్డకు చెప్పు," అంది.

పాస్టరుగారు, పాస్టరమ్మ ఇద్దరూ తప్పయిందని నాకు చెప్పారు. విన్నాను. పర్వాలేదని మాత్రం అనలేదు.

బస్సుకోసం రోడ్డు మీద నిలబడినప్పుడు అతను అడిగాడు.

"కోపం పోయిందా పాపా?"

"లేదన్నా."

"ఎప్పుడు పోతాది?"

"పోవల్లని నేనేం అనుకోలేదు."

బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు. నేను ఇంటికి పోయి కడుపునిండా తిన్నాను.