అడుగెత్తు లోడు

1968లో చీపురుపల్లి దగ్గర మాంగనీసు గని నుంచి విశాఖపట్నం రేవుకి రాయి తోలే లారీ మీద డ్రైవరుగా చేరాను. ఆ బండి టైర్లు పేలడానికి మూలకారణం యజమాని నాయుడుగారు కాదు, నేనే. ముందే ఒప్పేసుకుంటే ఓ పనైపోతుంది.

అంతకు ముందు గోగునార బేళ్లు తోలేవాణ్ణి. నార లోడంటే కేబిన్ మీదికి వాలి, పల్లకీలా ఊగుతూ పోవాలి. మాంగనీసు అలా కాదు. బాడీలో అడుగెత్తు పోస్తే చాలు, బండి మోయగలిగినంతా అయిపోతుంది. పైనంతా ఖాళీ. అది చూసి నాకు ప్రాణం ఉసూరుమంది.

"బాబూ, సగం బండి ఊరికే తిరుగుతన్నాది," అన్నాను. బండి సగమే ఖాళీ, నా బుర్ర పూర్తిగా.

మర్నాటి నుంచి నాయుడుగారు రెండడుగులు పోయించారు. వెనక జంట చక్రాల టైర్లు నిండు చూలాళ్లలా పక్కలకి ఉబ్బాయి. వారం తిరక్కుండా ఒకటి తుపాకీలా పేలింది. పక్కదాని మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టు చుర్రుమంది. బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. బరువు మోతాదు మించితే టైరు గోడలు నలిగి నలిగి, వేడెక్కి పగిలిపోతాయి. ఆ మాట వినే ఉన్నాను గానీ, నారబేళ్ల మీద దాంతో పని పడలేదు.

"సగం దింపేద్దాం బాబూ," అన్నాను.

"నువ్వే కదరా ఎక్కించమన్నావు? లోపం లోడులో లేదు, నీ తోలుడులో ఉన్నాది. రేపు నేనూ వస్తాను. ఇంకో టైరు పేలిందా, నువ్వు నీ నారకాడికే ఎలిపో!"

నా జీతంతోనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. మర్నాడు క్లీనరు జ్వరమని రాలేదు. ప్రతి గోతికీ బ్రేకు వేస్తూ, ప్రతి మలుపుకీ దణ్ణం పెడుతూ తోలాను. ఆగి టైర్లు తట్టి చూస్తానంటే నాయుడుగారు ఒప్పుకోలేదు.

"ఓడ నీ కోసం ఆగతాదేటి? నత్తలా ఏటా పోకడ? తోలెహె!"

విజయనగరం ఇంకా చేరకముందే వెనక చక్రం ఢామ్మంది. నాయుడుగారు నా వైపు చూశారు.

"నత్తలా ఎల్తన్నానని తమరే కదా బాబూ తిట్టినారు," అన్నాను.

ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, జాకీ వేశాను. జాకీ మూలిగింది గానీ బండి లేవలేదు.

"బరువు దింపాల బాబూ."

"ఎవుడు దింపుతాడు?"

"జాకీ కాడ నేనుండాల. మరింక తమరే."

మల్లెపువ్వులాంటి పంచె ఎగ్గట్టి, పారా తట్టా పట్టుకుని నాయుడుగారు బాడీ ఎక్కారు. మాంగనీసు దుమ్ము కాటుకకి పెద్దన్నయ్య. కాసేపటికి ఆయనలో తెల్లగా మిగిలినవి కళ్లూ పళ్లే. అటుగా ఎడ్లబండి మీద పోతున్న వాళ్ల బావగారు ఎడ్లని ఆపి మరీ పలకరించారు.

"ఏటి బావా, గనిలో కూలికి సేరిపోనావేటి?"

"నోరు మూసుకుని ఎల్లెహె!" అని ఆయన్ని తరిమి, నా మీద పడ్డారు. "ఒరే సింహాచలం, లెగిసిందేటిరా?"

"ఇంకా నేదు బాబూ."

లోడు అడుగెత్తుకి దిగేసరికి ఆయన నడుం పట్టుకుని కూలబడ్డారు.

"రేపట్నుంచి ఇంతే పోయించు. ఇంకొక్క తట్ట ఎక్కువేసినోడి నెత్తినే పోయిస్తాను."

నా ఉద్యోగం నిలిచింది. లోడు ఎక్కువైందో లేదో టైరు చెబితే వినని యజమాని, తన నడుం చెబితే వింటాడని తెలిసింది.

జాకీ మాత్రం ఆయన పదిహేనో తట్ట దింపేసరికే బండిని లేపింది. నేనే మెల్లగా కిందికి దింపేశాను.