నా దుకాణం నాచేతే చూపించిన మనిషి

చాలాకాలం మూసి ఉన్న షట్టర్ పైకి లేపగానే ముందు ఒక వాసన వస్తుంది. తుప్పు, తడిసిన సిమెంటు, ఎలుకలు కొరికిన అట్టపెట్టెలు కలిసిన వాసన. మొన్న నాచారంలో ఒక గోదాము చూపించడానికి వెళ్లి ఆ గాలి పీల్చగానే యాదగిరన్న పక్కనే ఉన్నట్టనిపించి, మాట్లాడబోయి ఆగిపోయాను. ఆయన పోయి రెండేళ్లవుతోంది.

నేను ఈ పనిలోకి కావాలని రాలేదు. పెళ్లయి తెనాలి నుంచి వచ్చాక ఉప్పల్‌లో పదకొండేళ్లు శుభలేఖలు అచ్చువేసే దుకాణం నడిపాను. అందరూ ఫోన్లలోనే పిలుపులు పంపుకోవడం మొదలయ్యాక రోజూ షట్టర్ తీసి కూర్చోవడమే మిగిలింది. దుకాణం ఖాళీ చేస్తున్న రోజు యాదగిరన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ చుట్టుపక్కల దుకాణాలు, గోదాములు అద్దెకు కుదిర్చేది ఆయనే. నాచారంలో పాత కుటుంబం వాళ్లది. ఒకప్పుడు వాళ్లు జొన్న వేసిన పొలాల్లోనే ఇప్పుడు షెడ్లున్నాయి. "నా తాన పనిజేస్తవా చెల్లె?" అని అడిగాడు. ఏం పనో సరిగ్గా తెలియకుండానే సరేనన్నాను.

మొదటి నెలల్లో నాకేమీ అర్థం కాలేదు. దుకాణంలో సాయంత్రానికి చేతికి సిరా అంటేది, కార్డుల కట్టలు ఎదురుగా కనబడేవి. ఇక్కడ మేడిపల్లి దాకా తిరిగొచ్చినా చేసిన పని ఏదీ కంటికి ఆనేది కాదు. మేం యజమాని మనుషులమో, అద్దెకొచ్చేవాళ్ల మనుషులమో కూడా తెలిసేది కాదు. యాదగిరన్నను చూస్తే ఇంకా తికమక. ఫిజియోథెరపీ కేంద్రం పెట్టాలని వచ్చిన ఒక డాక్టరమ్మకు మొదటి అంతస్తు నచ్చి, అడ్వాన్సు ఇవ్వబోయింది. లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులవాళ్లు ఎలా ఎక్కుతారని ఈయనే అడిగి పంపేశాడు. వారం తిరక్కుండా మెట్ల కింది ఇరుకు గదిని టీకొట్టు పెట్టే అతనికి ఇప్పించినప్పుడు మాత్రం నోరు విప్పలేదు. ఎందుకని అడిగితే, ఇరుకు అతనికి కనిపించింది, మెట్లు ఆమెకు కనిపించలేదు అన్నాడు. ఆ తేడా తెలిసినట్టే ఉండి జారిపోయేది.

ఆ చలికాలంలో నా పాత దుకాణం యజమాని, కొత్తవాళ్లను చూడమని యాదగిరన్న దగ్గరికే వచ్చాడు. యాదగిరన్న ఆ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. చూడ్డానికి వచ్చిన రమేష్‌కు పోచారంలో ఉద్యోగం పోయింది. ఫొటోలు, ఆల్బమ్‌లు ప్రింటు చేసే దుకాణం పెడతానన్నాడు. భార్యను కూడా తీసుకొచ్చాడు. గోడకు నేను కొట్టిన మేకులు అలాగే ఉన్నాయి. అక్కడ గాజు అల్మరా పడుతుందా అని ఆమె జానలతో కొలుస్తుంటే అక్కడ నిలవలేకపోయాను. బయటికొచ్చి యాదగిరన్నకు ఫోన్ చేశాను. వీళ్లను వద్దని చెప్పెయ్యనా అని అడిగాను.

"వద్దననీకి నువ్వెవరు? దాయనీకి గూడ నువ్వెవరు?" అని పెట్టేశాడు.

లోపలికి వెళ్లి, ఈ దుకాణం నడిపింది నేనేనని చెప్పాను. మెట్రో స్తంభం బోర్డుకు అడ్డమొస్తుందనీ, బండి ఆపే చోటు లేదనీ, చివరి ఏడాది ఎలా గడిచిందో కూడా చెప్పాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు. మర్నాడు వచ్చి అదే తీసుకున్నారు. సంతోషించాలో, భయపడాలో తెలియక ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఏడాదిన్నరకు ఆ దుకాణం మూతపడింది. రమేష్ నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది. అప్పటికి యాదగిరన్న మంచాన పడ్డాడు. ఇంటికి వెళ్లి, వాళ్లను నేను ఆపాల్సింది అన్నాను.

"నిన్ను ఈ పనిలకు తెచ్చింది నేను. మంచిగ జేసిన్నో, ఆగం జేసిన్నో నాకిప్పటికీ తెల్వది. నువ్వన్న జెప్పు చెల్లె."

మళ్లీ వస్తానని లేచి వచ్చేశాను. నెల తిరక్కుండానే ఆయన పోయాడు. అన్నీ తెలిసే నన్ను నడిపిస్తున్నాడని అన్నాళ్లూ నమ్మాను. ఆ మాట విన్నందుకు కోపం వచ్చిందో, తేలికపడ్డానో ఇవాళ్టికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఇప్పుడు ఎవరైనా సంతకానికి ముందు కలం పట్టుకుని, మీరేమంటారు మేడమ్ అని అడుగుతారు. నాకు తెలిసినదంతా చెబుతాను. ఆ తర్వాత, మీకిది కలిసొస్తుందో లేదో నాకు తెలియదని కూడా చెబుతాను. ఆ రెండో మాట చెప్పాకే కాగితం వాళ్ల ముందుకు జరుపుతాను.