చుక్కల గుమాస్తా విద్య

అనువాదాల ఆఫీసులో మూలబల్ల దగ్గర కూర్చునే పెద్దమనిషిని అందరూ చుక్కల గుమాస్తా అనేవాళ్ళు. పరాయి దేశాల పేర్లలో కొన్ని అక్షరాలకు నెత్తిన చుక్కలుంటాయి, కొన్నిటికి గీతలు, కొన్నిటికి కింద తోకలు. మామూలు కీబోర్డు మీద అవేవీ కనిపించవు. ఎడమచేత్తో ఆల్ట్ కీ నొక్కిపట్టి, కుడిపక్కనున్న అంకెల మీటల మీద సున్నా, రెండు, మూడు, మూడు కొడితే గీత అక్షరం ఒకటి పుడుతుంది. అలాంటి నంబర్లు నూటపద్నాలుగు ఆయనకు కంఠతా వచ్చు. సొంత బావమరిది ఫోన్ నంబరు మాత్రం భార్యను అడిగి తెలుసుకోవాలి.

విద్య గొప్పదే, కానీ దానం చేసే రకం కాదాయన. కొట్టేటప్పుడు కుడిచేతి మీద చేతిరుమాలు కప్పుకునేవాడు. ఎవరైనా అడిగితే, "చెబితే వచ్చేవి కావివి, సాధన కావాలి" అనేవాడు. ఒక్క కాగితానికి గంట పట్టేది. అందులో ముప్పావుగంట నిట్టూర్పులకే సరిపోయేది. ఇరవై రెండేళ్ళు అలాగే నెట్టుకొచ్చాడు.

ఇంకో మూడు నెలల్లో రిటైర్మెంటు. రెండేళ్ళు పొడిగించకపోతారా అని ఆయన ధీమా.

"నేను లేకపోతే ఆ చుక్కలు ఎవడు పెడతాడే?" అనేవాడు భార్యతో.

"మీరు ఇంట్లో కూర్చుంటే నాకు చుక్కలు కనిపిస్తాయి. కాళ్ళో వేళ్ళో పట్టుకుని పొడిగించుకోండి" అనేది ఆవిడ.

ఒక సోమవారం ఆఫీసుకు కొత్త కంప్యూటర్లొచ్చాయి. సన్నగా, ముద్దుగా ఉన్నాయి. కుడిపక్క అంకెల మీటలు మాత్రం లేవు. ఆయన ఆల్ట్ కీ నొక్కిపట్టి పైవరసలో ఉన్న అంకెలు కొట్టి చూశాడు. ఏమీ పుట్టలేదు. పదకొండింటికల్లా ఇవ్వాల్సిన సర్టిఫికెట్టు, రెండు పేజీల నిండా పేర్లు. యజమాని వచ్చి నెత్తిన నిలబడ్డాడు.

"సరుకు నాసిరకమండీ. పాతవే తెప్పించండి" అన్నాడు చుక్కల గుమాస్తా, చెమట తుడుచుకుంటూ.

ఎదురుబల్ల అమ్మాయి లేచి వచ్చింది. అక్షరం కీ ఒకటి నొక్కిపట్టుకుంది. తెర మీద చుక్కలవీ గీతలవీ వరసగా వచ్చి నిలబడ్డాయి. కావలసినదాన్ని ఎంచుకుంది. పది నిమిషాల్లో రెండు పేజీలూ అయిపోయాయి. యజమాని ఆ కాగితాలు తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసమ్మా నీకు?"

"ఫోన్లో రోజూ చేసేదేగా బాబాయ్. పాతవాటిలోనైతే మీరు కొట్టినవే కాపీ చేసి అతికించుకునేవాళ్ళం."

"మరి నా దగ్గరికెందుకు తెచ్చేవాళ్ళు?"

ఆమె కాస్త నసిగింది. "మీరు కొట్టేలోపు మేమంతా టీ తాగొచ్చేవాళ్ళం."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఎవరూ దొంగిలించాలనుకోని సొత్తుకు ఇన్నేళ్ళూ కాపలా కాశాడు.

కాసేపటికి యజమాని ముందు ఆ అమ్మాయిని, తర్వాత ఆయన్నీ పిలిచాడు. ఇక మూటాముల్లే సర్దుకోవడమే అనుకుంటూ వెళ్ళాడు. తీరా చూస్తే బల్ల మీద పొడిగింపు కాగితం ఉంది.

"మీరు ఎవరికీ ఏదీ చెప్పరనుకున్నాను. పొరపాటు నాదే. ఆ పద్ధతి మీరే నేర్పారని, ఇందాక తన చేత చేయించడానికే తెలియనట్టు నటించారని అమ్మాయి చెప్పింది. రెండేళ్ళుండి మిగతావాళ్ళకీ నేర్పండి. రేపే మొదటి క్లాసు" అన్నాడు యజమాని.

బయటికొచ్చిన చుక్కల గుమాస్తా కుర్చీ లాక్కుని ఎదురుబల్ల పక్కన కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, ఆ కీ ఎంతసేపు నొక్కిపట్టాలి?"