గిన్నెలో పరిగె

హైదరాబాద్‌లో, ఖాజాగూడ గాజుమేడల కింద ఇడ్లీబండి పెట్టుకున్న మరియమ్మ నన్ను చూడగానే "అయిపోయినయన్నా" అంది. గిన్నెలో నాలుగు ఇడ్లీలు కనబడుతూనే ఉన్నాయి.

"మరి అవేంటండీ, బొమ్మలా?"

"అవి పరిగె, కోతైనంక చేన్ల మిగిలే ఎన్నులసొంటివి. చేను అంచులదాక కోయొద్దు, పేదోళ్లకు, పరదేశులకు ఇడిసిపెట్టాలని బైబిల్ల ఉంది. నాకు చేను లేకపాయె, గిన్నెనే నా చేను."

"నేనూ పరదేశినేనండీ, కాకినాడ!"

"జేబుల పైసలున్న పరదేశివి. పక్క బండికి పో."

ఇంతలో రోడ్డూడ్చే ముసలమ్మ వచ్చింది. చెయ్యి చాచలేదు. తనే మూత తీసి నాలుగూ ప్లేట్లో వేసుకుంది. "రేపు చట్నీ జర గట్టిగ రుబ్బు" అని గదమాయించింది కూడా!

"పరిగె ఒకరు పెట్టేది కాదన్నా, ఏరుకునేటోళ్ల హక్కు" అంది మరియమ్మ గర్వంగా.

జేబునిండా డబ్బుతో నేను ఆకలిగా నిలబడితే, ముసలమ్మ ఆ మేడలన్నీ తనవే అన్నట్టు బ్రేవుమని త్రేన్చింది.